కొంగు పట్టే ఐలవ్వ పొద

దారులన్నీ గొర్రెలు నడిచి వేసినవే అయిన కాలంలో, గుట్టలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, ఒక గుట్ట ఉండేది. గుట్ట కింద ఒక పల్లె. పల్లెలో కురుమలు. కురుమలకు గొర్రెలు, గొర్రెలకు ఉన్ని, ఆ ఉన్నితో గొంగడి. పొద్దున ఇంత జొన్న గటక తాగి, గొంగడి భుజాన వేసుకుని, జీవాల వెంట గుట్ట ఎక్కడం. పొద్దు వాలాక దిగడం. అదీ వాళ్ళ బతుకు.

ఊఁ కొడుతూ వినండి పిల్లలూ. ఊఁ కొట్టకపోతే నేను కూడా మీతో పాటు కునుకు తీస్తాను, కథ దారిలోనే నిలబడిపోతుంది.

ఆ గుట్ట మీద ఒక పొద ఉండేది. ఒకటేమిటి, గుట్ట నిండా అవే. దాన్ని గోమారి పొద అనేవారు. గోమార్లంటే తెలుసుగా? జీవాల చెవుల వెనక, తొడ సందుల్లో పట్టుకుని రక్తం పీల్చే పురుగులు. పెద్ద గొర్రె ఎలాగో తట్టుకుంటుంది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల తట్టుకోలేదు. పాలు మానేస్తుంది. చెవులు వేలాడేస్తుంది. ఒక పొద్దున చూస్తే లేవదు.

గోమారి పొద ఆకును నిప్పుల మీద వేసి, ఆ పొగలో గొర్రెపిల్లను కాసేపు పట్టుకుంటే చాలు, గోమార్లన్నీ జలజలా రాలిపోయేవి. అందుకే ఆ పొద అంటే వాళ్ళకు అంత ప్రేమ. ఆ ప్రేమతోనే కొమ్మలు నరికేవారు. అదే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

అప్పట్లో ఆ పొద ఇప్పటిలా లేదు. ముళ్ళు తిన్నగా ఉండేవి. ఆకు పైనా కిందా పచ్చగానే ఉండేది. పువ్వు తల ఎత్తి ఆకాశాన్ని చూసేది. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, చివర్లో అడుగుతాను. కాయ మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. రేగుకాయంత ఉంటుంది. లోపల మూడు గదులు, గదికి ఒక గింజ.

ఏటా చలికాలంలో గొర్రెలు ఈనగానే పొగ పండగ చేసేవారు. ఇంటికొకరు కొడవలి పట్టుకుని గుట్ట ఎక్కాలి. కొమ్మలు కోసి మోపు కట్టాలి. మోపు నెత్తికెత్తుకున్నాక దొడ్డి చేరేదాకా ఆగకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. వెనక నుంచి ఎవరు పిలిచినా పలకకూడదు. ఆగితే పొగకు బలం పోతుందని వాళ్ళ నమ్మకం.

నన్నడిగితే, మొదట్లో సంగతి ఇంతే అయి ఉంటుంది. ఆ ఆకు తొందరగా వాడిపోతుంది. వాడిన ఆకుకు వాసన ఉండదు. ఎవరో పెద్దాయన, "తొవ్వల ముచ్చట్లు పెట్టుకోకుండ్రిరా, జల్ది నడువుండ్రి" అని ఉంటాడు. ఆ మాటే ఒక తరం దాటేసరికి నియమమైంది. ఇంకో తరం దాటేసరికి భయమైంది. మూడో తరానికి, వెనక నుంచి పిలిచిన మనిషే చెడ్డదైపోయింది.

ఆ వెనక ఉండే మనిషి పేరు ఐలవ్వ.

ఐలవ్వ మంద పెద్ద గట్టయ్యకు వదిన. అన్న పోయాడు. పిల్లలు లేరు. చిన్నప్పుడు బండ మీద నుంచి జారి పడి, ఐలవ్వ ఒక కాలు కుంటి. వేగంగా నడవలేదు. అందుకని ఆమెకు మంద వెనక నడిచే పని ఇచ్చారు. మంద ముందు గట్టయ్య నడిచేవాడు. పక్కల కుర్రకారు నడిచేవారు. అందరికన్నా వెనక ఐలవ్వ.

ఆ పని చిన్నదేమీ కాదు. నడవలేక కూలబడ్డ పిల్లను ఎత్తుకోవాలి. ముళ్ళల్లో చిక్కుకున్న దాన్ని విడిపించాలి. తల్లి వదిలేసిన దాన్ని గొంగట్లో చుట్టి పొట్టకు హత్తుకోవాలి. ఆమె చేతిలో ఒక కొంకి కర్ర ఉండేది. కొస వంగిన కర్ర. దారి తప్పిన పిల్ల కాలికి ఆ వంపు తగిలించి మెల్లగా వెనక్కి లాగేది. "ఆగు బిడ్డా, ఆగు. యాడికి ఉరుకుతున్నవ్?" అనేది. నడిచినంత సేపూ తల వంచుకుని నేల మీదే చూపు పెట్టి నడిచేది. కింద పడిపోయినవి వెతకడమే కదా ఆమె పని.

ముందు నడిచేవాళ్ళకు ముందున్న మేత కనపడుతుంది. వెనక నడిచేవాళ్ళకు మిగిలింది కనపడుతుంది. పొగ పండగ అయ్యాక గుట్ట ఎలా ఉందో ఏటా చూసింది ఐలవ్వ ఒక్కతే. ఆమె చిన్నతనంలో మంద చిన్నది, మోపులు చిన్నవి. పొద పొదకూ ఇన్ని కొమ్మలు మిగిలేవి. ఇప్పుడు మంద పెరిగింది. మోపులు పెరిగాయి. ఒక్క కొమ్మ మిగలడం లేదు. కొమ్మల మీద కాయ ఇంకా పచ్చిగానే ఉంటుంది. అది పండి పగలాలంటే తొలకరి దాకా ఆగాలి. పచ్చికాయ కాస్తా నిప్పుల్లోకి పోతోంది. కొత్త మొలక అనేదే లేదు.

ఒక ఏడు పొగ పండగ రోజున మోపులు నెత్తిన పెట్టుకుని అందరూ దిగుతున్నారు. గట్టయ్య ముందు. ఐలవ్వ చంకలో ఒక గొర్రెపిల్లతో వెనక. ఆమె మోడులను చూసింది. ఆగలేక పిలిచింది.

"జర ఆగుండ్రి! ఒక్క మాట!"

గట్టయ్య ఆగలేదు, వెనక్కి చూడలేదు. మోపులు ఆగలేదు, వెనక్కి చూడలేదు. దుమ్ము లేచింది, దుమ్ము అణిగింది. దారి మీద ఐలవ్వ ఒక్కతే మిగిలింది.

ఇంటికి వెళ్ళాక చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. అడగండి, అడగాల్సిందే. చెప్పింది. దొడ్డి దగ్గర పొగ అయిపోయి అందరూ తిండికి కూర్చున్నప్పుడు చెప్పింది.

ఆమె నోరు తెరవక ముందే గట్టయ్య అందుకున్నాడు. "వదినె, ఎనుక నుంచి ఎందుకు పిలిచినవ్? ఇయ్యాల పిలవొద్దని నీకు తెల్వదా?"

"తెల్సు గట్టయ్యా. కాయ ఇంక పచ్చిగుంది. పండి పగిల్తెనె గింజ రాల్తది. అన్ని కొమ్మలు కొడితె ఎట్ల? పొదకొక్క కొమ్మ ఉంచుండ్రి. నేను చెప్పేది గంతె."

"గుట్ట నిండ ఉన్నయి వదినె. నువ్వు గొర్రెపిల్లల సంగతి చూసుకో. పొదల సంగతి నీకెందుకు?"

అందరూ నవ్వారు. గట్టయ్య చెడ్డవాడు కాదు. వదినకు గటకలో ఇంత మజ్జిగ ఎక్కువే పోయించాడు. ఆమె మాట మాత్రం చెవిన పెట్టలేదు.

రెండో ఏడు వచ్చింది. పొదలు తగ్గాయి. మోపులు తగ్గలేదు. మోడు పక్కన పుట్టిన చిగుళ్ళను కూడా కోసేశారు. మళ్ళీ దిగుతున్నారు. గట్టయ్య ముందు, ఐలవ్వ వెనక. ఈసారి ఆమె గొంతు ఇంకా పెద్దది చేసింది.

"జర ఆగుండ్రి! ఒక్క మాట! ఒక్క కొమ్మ ఉంచుండ్రి!"

గట్టయ్య ఆగలేదు, వెనక్కి చూడలేదు. మోపులు ఆగలేదు, వెనక్కి చూడలేదు. దుమ్ము లేచింది, దుమ్ము అణిగింది.

ఆ వారమే గట్టయ్య పెంచుకున్న కొమ్ముల పొట్టేలును తోడేలు ఎత్తుకుపోయింది. తోడేలుకు ఆకలేసింది, ఎత్తుకుపోయింది. దానికి పొగ పండగ గురించి ఏం తెలుసు? కానీ పల్లెలో అందరూ ఒకటే మాట. ఎనుక నుంచి పిలిచింది, గందుకే గిట్లయింది. గట్టయ్య వదిన ముందు చేతులు జోడించి నిలబడి, "వదినె, నీకు దండం పెడత. ఆ ఒక్క దినం నోరు తెరవకు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మూడో ఏడు వచ్చేసరికి గుట్ట మీద ఒక్కటే పొద మిగిలింది.

ఐలవ్వ ఆలోచించింది. వెనక నుంచి పిలిస్తే కదా తప్పు? ముందుకు వెళ్ళి చెబుదాం అనుకుంది. పండగ నాడు అందరికన్నా ముందే లేచి, కుంటుకుంటూ గుట్ట ఎక్కి, దారి మలుపులో నిలబడింది. జీవితంలో మొదటిసారి మంద వాళ్ళకు ఎదురుగా నిలబడింది. గొంగడి సర్దుకుంది. చెప్పాల్సిన మాటను లోపల నాలుగుసార్లు అనుకుని చూసుకుంది.

పల్లె వాళ్ళు కొడవళ్ళతో వచ్చారు. మలుపు తిరిగారు. ఎదురుగా ఐలవ్వను చూశారు. చూసి ఆగారు కూడా. ఆమె ముఖం వెలిగింది.

"ఎదురొచ్చింది" అన్నాడు వాళ్ళల్లో ఒక ముసలాయన. "మొగుడు పోయిన మనిషి ఎదురొస్తె పని చెడ్తది. ఈ తొవ్వ వద్దు."

అంతే. గట్టయ్య తల దించుకున్నాడు. అందరూ పక్కకు తిరిగి, గుట్ట చుట్టూ వేరే దారి పట్టారు. అందరికన్నా చివర గట్టయ్య కోడలు రాజవ్వ ఉంది. చిన్నపిల్ల, కాపురానికి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఐలవ్వ ఆమె వైపు చెయ్యి చాపింది.

"బిడ్డా రాజవ్వా, నువ్వన్న ఆగు. ఒక్కటే మిగిలింది. ఒక్క కొమ్మ."

రాజవ్వ పాదం ఆగింది. "పెద్దత్తా..." అంది. ఇంతలో ముందు నుంచి ఎవరో కసిరారు. రాజవ్వ పాదం మళ్ళీ కదిలింది.

వెనక నుంచి పిలిస్తే పలకరు. ముందుకొస్తే దారి మార్చుకుంటారు. మరి ఆ మనిషి ఎక్కడ నిలబడి చెప్పాలి? మీరే చెప్పండి. నాకైతే ఇన్నేళ్ళుగా తోచలేదు.

గుట్ట అవతలి వైపు నుంచి ఎక్కి ఆ చివరి పొదను కోసేశారు. ఆకు చాలలేదని మొదలు కూడా కొట్టేశారు. వాళ్ళు దిగిపోయాక ఐలవ్వ అక్కడికి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూర్చుంది. అలవాటైన కళ్ళతో నేలంతా వెతికింది. ఎప్పటిదో ఒక ఎండుకాయ రాయి సందులో ఇరుక్కుని దొరికింది. ఇంకా పగల్లేదు. లోపల మూడు గింజలు. ఆమె వాటిని కొంగున ముడివేసుకుంది.

ఆ ఏడు పొగ సగం పిల్లలకే వచ్చింది. మిగతా పిల్లలకు గోమార్లు పట్టాయి. వాటి నుంచి పొగ పట్టిన వాటికీ పట్టాయి. ఏ దొడ్డి చూసినా చెవులు వేలాడేసిన పిల్లలే. ఐలవ్వ పొట్టకు హత్తుకున్నవి హత్తుకున్నట్టే చల్లబడ్డాయి. అప్పుడు ఆమె, "నేను చెప్పలేదా" అనవచ్చు. అనలేదు. చచ్చిన పిల్లలను ఒక్కొక్కటిగా మోసుకెళ్ళి గుంటలో పెట్టి మన్ను కప్పింది. పిల్లల తల్లులు దొడ్డి చుట్టూ తిరుగుతూ అరుస్తుంటే చెవులు మూసుకుని కూర్చుంది.

ఎండలు ముదిరాయి. గట్టయ్య పల్లెను పిలిచి, "ఈడ ఉంటె ఉన్నయి గూడ దక్కయి. ఏటి ఒడ్డుకు పోదం. వానలు పడినంక వద్దం" అన్నాడు. మూటలు కట్టారు. మంద కదిలింది. గట్టయ్య ముందు, ఐలవ్వ వెనక.

ఆ మూడు గింజలను ఆమె అప్పటికే నాటింది. జీవాల నోరు అందకుండా, గుట్ట మీద రెండు బండల నడుమ సందులో నాటింది. ఒక గింజను చీమలు లాక్కుపోయాయి. ఒక గింజ కుళ్ళిపోయింది. ఒక గింజ మొలిచింది. రెండాకుల మొలక. ఎండ చూస్తేనేమో నిప్పులు చెరుగుతోంది. పూట పూటా ఇన్ని నీళ్ళు పోసే వాళ్ళు లేకపోతే అది బతకదు.

ఐలవ్వ గుట్ట మలుపు దాకా మంద వెంట నడిచింది. మలుపులో ఆగింది. కొంకి కర్ర మీద ఆనుకుని పిలిచింది. వెనక నుంచి పిలవడం అది మూడోసారి.

"జర ఆగుండ్రి! ఒక్క మాట! నేను వస్తలేను! ఒక మొలక ఉన్నది, దాని కాడ ఉంట!"

ఈసారి ఆమె ఏమీ అడగలేదు. కొమ్మ ఉంచమనలేదు. సరేనని ఎవరైనా ఒక్క మాట అంటే చాలనుకుంది. కానీ వలస బయలుదేరిన వాళ్ళను కూడా వెనక నుంచి పిలవకూడదుగా, పిలిచినా ఆ మాట చెవిన పెట్టరుగా.

గట్టయ్య ఆగలేదు, వెనక్కి చూడలేదు. మంద ఆగలేదు, వెనక్కి చూడలేదు. దుమ్ము లేచింది, దుమ్ము అణిగింది.

మొదటి మజిలీలో రాజవ్వ గటక వండింది. అందరికీ పోసింది. ఒక గిన్నె మిగిలింది.

"మామా, పెద్దత్త రాలే" అంది.

"వస్తది తీయ్" అన్నాడు గట్టయ్య. "రోజు ఎనుకనె కద వచ్చేది."

గిన్నె మీద మూత పెట్టి ఉంచారు. పొద్దున్నే బయలుదేరారు. రెండో మజిలీలో, "ఏదన్న పిల్ల కూలబడి ఉంటది, ఎత్తుకొని మెల్లగ వస్తది" అన్నారు. మూడో మజిలీలో, "తొవ్వల ఏదన్న ఊర్లె ఆగి ఉంటది" అన్నారు. తర్వాత ఏమీ అనలేదు. రాజవ్వ కొన్నాళ్ళు గిన్నె ఉంచింది. అత్త కసిరాక మానేసింది. వెనక్కి వెళ్ళి చూసి వద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. తోచిందేమో, కాళ్ళు కదల్లేదు.

ఒక్క ఎండాకాలమే అనుకుని వెళ్ళారు. ఏటి ఒడ్డున మేత బాగుంది, నీళ్ళు బాగున్నాయి. మూడు ఎండాకాలాలు ఉండిపోయారు.

ఇక్కడ గుట్ట మీద ఐలవ్వ ఏం చేసిందో ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. గుట్టే చెప్పిందంటారు. నేను నమ్ముతాను, మీ ఇష్టం. దిగువన ఊట దగ్గర ముంత ముంచి, కుంటుకుంటూ పైకి ఎక్కేదట. సగం నీళ్ళు దారిలో ఒలికేవట. మిగిలిన సగం మొలకకు పోసేదట. గొంతు తడుపుకోవడానికి మళ్ళీ దిగేదట. తునికి పండ్లు తినేదట, ఇప్పపువ్వు తినేదట, ఏమీ దొరకని రోజు నీళ్ళు తాగి పడుకునేదట. ఎండకు మొలక వాలిపోతే తన గొంగడి తీసి కర్రకు తగిలించి నీడ పట్టేదట. చలికి మొలక వణికితే అదే గొంగడి దాని చుట్టూ కప్పేదట. మరి ఆమెకు చలి వెయ్యదా? వేస్తుంది. ఒక్కటే గొంగడి ఉంది. అది మొలకకు ఇచ్చింది.

మొలకతో మాట్లాడేదట కూడా. "ఆగు బిడ్డా, ఆగు. వాళ్ళు వస్తరు" అనేదట.

ఆమె ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. ఎండకో, చలికో, ఆకలికో తెలీదు. దగ్గర ఒక మనిషి ఉండి ఉంటే తెలిసేది.

మూడు ఎండాకాలాలు గడిచి మూడో తొలకరికి మంద తిరిగి వచ్చింది. గట్టయ్యే ముందు. ముసలివాడయ్యాడు. గుట్ట దారిలో రెండు బండల పక్కగా వస్తుంటే ఏదో ఆయన గొంగడి పట్టుకుంది.

లాగాడు. వదల్లేదు. గట్టిగా లాగాడు. గొంగడి పర్రున చిరిగింది, ముల్లు ఇంకా లోపలికి దిగింది. మూడోసారి లాగితే చెయ్యి గీరుకుపోయి రక్తం వచ్చింది. ఇక చేసేది లేక ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ముల్లు దానంతటదే వదిలేసింది.

అలా వెనక్కి అడుగు వేసిన మనిషి, వెనక్కి తిరిగి చూశాడు. బతుకంతటిలో మొదటిసారి గుట్ట దారి మీద వెనక్కి చూశాడు.

బండల నడుమ ఒక పొద ఉంది. గోమారి పొదే. కూర్చున్న మనిషంత ఎత్తుంది. దాని మొదట్లో ఒక ముంత పక్కకు ఒరిగి ఉంది. ఒక కాలి కడియం ఉంది. కొమ్మలకు ఉన్ని పోగులు చుట్టుకుని ఉన్నాయి. పక్కనే బండకు ఆనించి కొంకి కర్ర ఉంది. ఐలవ్వ లేదు.

ఇప్పుడు చెప్పండి, మొదట్లో నేను చెప్పిన మూడు గుర్తున్నాయా? తిన్నగా ఉండే ముల్లు వెనక్కి వంగి ఉంది, కొంకి కర్ర కొసలాగే. రెండు వైపులా పచ్చగా ఉండే ఆకు, పైన పచ్చగానే ఉంది. తిప్పి చూస్తే కింద బూడిద రంగు నూగు. వేలితో రాసి చూడండి, ఉన్ని తగిలినట్టే ఉంటుంది. పాత గొంగడి రంగే. ఆకాశాన్ని చూసే పువ్వు తల వంచి నేలను చూస్తోంది, ఏదో పడిపోతే వెతుకుతున్నట్టు. తెల్లటి చిన్న పువ్వు, పొద్దు వాలే వేళకు వాసన వేస్తుంది. కాయ మాత్రం అదే. మూడు గదులు, మూడు గింజలు.

గట్టయ్య ఆ పొద ముందు కూలబడ్డాడు.

"వదినె, ఆగిన. చెప్పు" అన్నాడు.

గాలి వీచింది. ఆకులు తిరగబడి బూడిద రంగు కనపడింది. అంతకు మించి ఏమీ వినపడలేదు. "ఆగిన వదినె. ఇగ చెప్పు" అన్నాడు మళ్ళీ. ఎవరు చెబుతారు?

రాజవ్వ అందరినీ తోసుకుని వచ్చింది. అప్పటికి ఆమె చంకలో ఒక చంటిబిడ్డ ఉంది. ముంతను చూసింది. నీళ్ళు తేవడానికి ఊట దగ్గరికి వెళ్ళి, ఆ దారి ఎంత నిటారుగా ఉందో చూసి, అక్కడే కూర్చుని ఏడ్చింది. "నా కాలు ఆగింది, నేను ఆగలే" అని ఏడ్చింది. ముసలిదయ్యే దాకా ఆ మాట అంటూనే ఉండేదట. ఈ కథ మొదట చెప్పింది ఆమే.

ఆ చలికాలం పొగ పండగ వచ్చింది. పల్లె అంతా గుట్ట ఎక్కింది. గట్టయ్య కొడవలి తెచ్చాడు, కానీ తియ్యలేదు. కొయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. గొర్రెపిల్లలనే మోసుకొచ్చి ఆ పొద కింద నుంచి ఒక్కొక్కటిగా నడిపించారు. కొమ్మలు వీపుకు రాసుకున్నాయి. ఉన్నిలోని గోమార్లు కొంకి ముళ్ళకు చిక్కుకుని వచ్చేశాయి. ఆ రాపిడికి రాలిన పచ్చి ఆకు ఏరుకుని దొడ్డిలో పొగ వేశారు. ఇన్నేళ్ళూ రాలిన ఆకుతోనే, కొమ్మ కొట్టకుండానే పని జరిగేదని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం, చెప్పాల్సిన మనిషికి చెప్పుకునే వీలు లేదు.

అప్పటి నుంచి దాని పేరు ఐలవ్వ పొద. అది ఇప్పటికీ అరుదే. వందల్లో ఉండదు. ఒక గుట్టకు ఒకటో రెండో, అదీ బండల సందుల్లోనే. కాయ తొలకరి దాకా పగలదు. గింజ పడ్డాక మొలవడానికి తొందరపడదు. దాన్ని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆ పొద కనపడిన చోట జీవాలు తోలేవాళ్ళు తాము తాగే నీళ్ళల్లో ఒక ముంత దాని మొదట్లో పోసి వెళతారు.

ఇప్పటికీ ఆ పల్లెల్లో పొగ పండగ నాడు నడక మారుతుంది. రోజూ మంద వెనక నడిచే మనిషి ఆ ఒక్క రోజు ముందు నడుస్తుంది. మంద పెద్ద అందరికన్నా వెనక నడుస్తాడు. మొగుడు పోయిన ఆడమనిషి ఎదురొస్తే ఆగి, కుశలం అడిగి, ఆమె చెప్పేది విని గాని కదలరు. వలస బయలుదేరితే మొదటి మజిలీలో ఒక గిన్నె గటక ఎక్కువ పోస్తారు. తలలు లెక్క చూసుకున్నాకే తినడం మొదలుపెడతారు.

ఇంకొకటి ఉంది. మీరు కూడా ఎప్పుడైనా గుట్ట ఎక్కితే గుర్తుంచుకోండి. ఐలవ్వ పొద ముల్లు మీ కొంగో చొక్కానో పట్టుకుంటే లాగొద్దు. లాగితే చిరుగుతుంది, గీరుకుంటుంది. ఒక్క అడుగు వెనక్కి వెయ్యాలి. వెనక్కి తిరిగి చూడాలి. చూసి, "ఆగినం అవ్వా, చెప్పు" అనాలి. చిన్నపిల్లల దగ్గర నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ అంటారు. అని, కాసేపు చెవి పెట్టి నిలబడతారు.

కథ గుట్ట మీదే ఉండిపోయింది. మనమే దిగి వచ్చాం. నేను కూడా చాలాసార్లు అక్కడ నిలబడ్డాను పిల్లలూ. "ఆగినం అవ్వా, చెప్పు" అన్నాను. ముల్లు వదిలేసింది. అవ్వ మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిందంతా ఆమె ఎప్పుడో చెప్పేసింది.